ఇంజను మరమ్మతులో పిస్టన్ రింగుల ఎంపిక

ఆబిడ్సు చెంత గన్‌ఫౌండ్రీ యను పేట కలదు. 1786లో ఫ్రెంచి సేనాని రేమండు అచట ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పినందున ఆ పేరు వచ్చినది. నాంపల్లి స్టేషనులో దిగి, పట్టణమున పని చక్కబెట్టుకొని, ఆ రాకలోనే ఇంజనుకు రింగులు కొనిపోవు సభ్యులు మనలో కలరు. ఫిరంగికివలెనే రింగునకును లోహపు ఎంపికయే ప్రాణము. కొనుటకు ముందు తెలియవలసిన సంగతులను ఇచట వివరించుచున్నాము.

రింగు చేయు పనులు మూడు: మండిన వాయువును క్రిందికి జారనీయకుండుట, గోడపై మిగిలిన నూనెను గీకివేయుట, పిస్టన్ వేడిని సిలిండరు గోడకు చేర్చుట. ఇవి తప్పినచో ఇంజను నీలిపొగ విడుచును, నూనె త్రాగును, బలము కోల్పోవును.

సాదా పోత ఇనుములోని గ్రాఫైటు కందెనవలె పనిచేయును. ఆ రింగు లైనరుతో త్వరగా కుదురుకొనును; వెలయు తక్కువ. క్రోము పూత రింగు మిక్కిలి గట్టిది. దుమ్ములో దున్ను ట్రాక్టరునకు పైరింగుగా అది మేలు; కాని కుదురుకొనుటకు ఎక్కువ కాలము పట్టును. మాలిబ్డినము పూత అధికమైన వేడిమిని ఓర్చి, తన సూక్ష్మరంధ్రములలో నూనెను నిలుపుకొనును; దుమ్మునకు మాత్రము క్రోమంతగా తాళజాలదు.

ఖరీదైనదే మంచిదని పలువురు తలంతురు. అది పొరపాటు. లైనరుకే క్రోము పూత యున్నచో క్రోము రింగు వేయరాదు. రెండును ఒరసికొని గీరలు పడును. అచట సాదా పోత ఇనుమే తగును.

అరిగిన లైనరు పైభాగమున మెట్టు ఏర్పడును. దానిని తీయక క్రొత్త రింగు వేసినచో తగిలి విరుగును. అరుగుదల తయారీదారు చెప్పిన హద్దు మీరినచో బోరింగు చేయించి పెద్దకొలత పిస్టన్, రింగులు వేయవలెను. లేదా లైనరు మార్చవలెను. హద్దులోనే యున్నచో నునుపెక్కిన గోడను హోనింగు చేయించి, సబ్బునీటితో బ్రష్షుపెట్టి కడిగి, ఆరిన వెంటనే నూనె పూయవలెను. కిరసనాయిలు మాత్రమే చాలదు. రాపిడిపొడి గోడనంటి యుండి క్రొత్త రింగులను అరగదీయును.

రింగును సిలిండరులో సమముగా నుంచి, కొనల నడుమ సందును ఫీలర్ గేజితో చూడవలెను. 100 మి.మీ. వ్యాసమునకు సుమారు 0.3 నుండి 0.4 మి.మీ. వాడుక, ఇంజను పుస్తకములోని కొలతయే ప్రమాణము. సందు చాలనిచో వేడికి కొనలు కలిసి రింగు బిగియును.

అంగడికి పోవునపుడు ఇంజను మోడలు, సిలిండరు కొలత, లైనరు రకము వ్రాసికొని, పాత రింగును వెంట తీసికొనిపోవలెను. గాలిశోధకము చెడియున్నచో ఏ రింగైనను నిలువదు. తొలకరినాడు ఇంజను ఆగినచో రింగుల వెలతో పోవునది కాదు, అదను తప్పును. కావున ఈ పని వేసవిలోనే ముగించుకొనవలెనని సభ్యులకు మా మనవి.