నాన్న దిగే బాయిని బడిలోనే చూస్తే...

“అమ్మా, నాయిన బాయిల ఏం జేస్తడే?”

గోదావరిఖనిలోనో, యైటింక్లయిన్ కాలనీలోనో చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ఉంటుంది. “బొగ్గు తీస్తడు బిడ్డా” అంటుంది అమ్మ. “లోపలంతా చీకటేనా? మరి గాలెట్లొస్తది?” అని పిల్ల వదలకుండా అడిగితే, “మీ నాయిన్నే అడుగు. నేనేమన్న జూసిన్నా?” అని ఊరుకుంటుంది.

నిజమే మరి! ఏ షిఫ్టుకు ఏ వేళకు టిఫిన్ కట్టాలో ఆమెకు తెలుసు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే పిల్లల గోల ఎలా ఆపాలో తెలుసు. డ్యూటీ దిగే వేళ దాటినా మనిషి రాకపోతే గుండె ఎలా కొట్టుకుంటుందో ఇంకా బాగా తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, ఆ బాయి లోపల ఎలా ఉంటుందో!

తప్పు ఆమెది కాదు. 1952 నాటి గనుల చట్టమే భూగర్భంలో ఆడవాళ్లకు పని ఇవ్వకూడదంది. సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాల్లో పగటి వేళ వాళ్లూ దిగవచ్చని కేంద్రం షరతులతో సడలించింది 2019లోనే. ఇక పిల్లల మాట చెప్పేదేముంది? బడి నుంచి జూకు, డ్యామ్‌కు తీసుకెళ్తారు గానీ పనిచేస్తున్న బొగ్గుబాయిలోకి ఎవరు తీసుకెళ్తారు?

అలా కాలు పెట్టలేని చోట్లను పిల్లలకు చూపించడానికే వర్చువల్ వరల్డ్ పనికొస్తుంది. అంటే కంప్యూటర్‌లో కట్టిన ఊరన్నమాట. అందులో ప్రతి పిల్లకూ ఒక బొమ్మ రూపం ఉంటుంది. ఆ బొమ్మను నడిపిస్తూ వీధులు తిరగొచ్చు, తలుపు తీయొచ్చు, ఎదురైన వాళ్లను పలకరించొచ్చు. తోటి పిల్లలు కూడా అదే ఊళ్లో తిరుగుతుంటారు.

ఊరికి జబ్బెందుకు చేసింది?

ఇది ఆటే కదా, చదువెలా అవుతుందంటారా? 2000ల దశకంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ డీడ్ అనే ఆచార్యుడి బృందం ‘రివర్ సిటీ’ అనే ఊరిని ఇలాగే కట్టింది. అది 19వ శతాబ్దం నాటి నది ఒడ్డు పట్నం. ఊళ్లో జనం జబ్బు పడుతుంటారు. ఎందుకో కనిపెట్టాల్సింది బడిపిల్లలు!

చిన్న చిన్న జట్లుగా వెళ్లి రోగుల్ని అడుగుతారు. నీళ్లు పట్టి పరీక్షిస్తారు. దోమలెక్కడున్నాయో చూస్తారు. కారణం ఒక్కటే అయితే సులువే. కానీ నీటివల్ల వచ్చేది ఒకటి, దోమవల్ల ఇంకొకటి, మనిషి నుంచి మనిషికి అంటుకునేది మరొకటి... అన్నీ కలగలిసి ఉంటాయి. చివరికి తాము కనుగొన్నదేమిటో, ఏం చేస్తే బాగుంటుందో ఆ ఊరి మేయర్‌కు ఉత్తరం రాయాలి. పుస్తకంలో ‘నీటి ద్వారా వ్యాపించు వ్యాధులు’ అని బట్టీ పట్టడానికీ దీనికీ ఎంత తేడా!

ఆ తర్వాత ‘మైన్‌క్రాఫ్ట్’ ఆట వచ్చింది. పిల్లలు దిమ్మ మీద దిమ్మ పేర్చి ఇళ్లు, కోటలు కడతారు, నేలను తవ్వుకుంటూ కిందికి పోతారు. బడుల కోసం దీని ప్రత్యేక రూపాన్ని మైక్రోసాఫ్ట్ 2016లో విడుదల చేసింది.

గనిలోనూ జరుగుతోంది

గనివాళ్లు కూడా ఈ పద్ధతి విలువ గుర్తించారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో చుట్టూ గుండ్రంగా తిరిగిన తెర మీద గనిని చూపించి శిక్షణ ఇస్తారు. ధన్‌బాద్‌లోని ఐఐటీలోనూ ఇలాంటి గని సిమ్యులేటర్ ఉంది. కప్పు కూలితే ఏం చేయాలి, పొగ కమ్మితే ఏ దారిన బయటపడాలి అన్నది ప్రాణాపాయం లేకుండా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారేముంది?

మన ప్రాంతానికి ఈ మాట ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ పేరు వింటే ఇక్కడి ఆడవాళ్ల కళ్లు ఇప్పటికీ చెమరుస్తాయి. గనిలోకి నీరెలా వస్తుంది, గాలి ఎలా ఆడుతుంది అన్నది ఈ ఊరి పిల్లలకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు, తమ ఇంటి సంగతి.

పాఠం కూడా కళ్లెదుటే ఉంది. గాలి ఒక దారిన లోపలికి వస్తుంది, మరో దారిన పోతుంది, దాన్ని లాగేది పైనున్న పెద్ద ఫ్యాను. మీథేన్ తేలిక కనుక కప్పు దగ్గర చేరుతుంది, కార్బన్ డై ఆక్సైడ్ బరువు కనుక నేలమట్టాన నిలుస్తుంది. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన భద్రతా దీపం మంటను చూసి గాలి మంచిదో కాదో పోల్చుకునేవారు. కంప్యూటర్‌లో బాయి కట్టించి, “ఫ్యాను ఆగింది, ఇప్పుడేం చేస్తారు?” అని టీచరు అడిగితే సైన్సు పాఠం ఒక్క పూటలో బుర్రకెక్కదూ!

అంతా బాగానే ఉంది గానీ...

ఖర్చు మాటేమిటి? కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్లు ఖరీదైనవే. పైగా వాటికి తయారీదార్లే వయసు పరిమితి పెడతారు. కొందరికి తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. అయితే అవి తప్పనిసరేం కాదు, రివర్ సిటీ నడిచింది మామూలు కంప్యూటర్ల మీదే. మన దగ్గర అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి రూపొందించిన ‘ఓల్యాబ్స్’లో 9 నుంచి 12 తరగతుల ప్రయోగాలను కంప్యూటర్‌లోనే చేసి చూడొచ్చు. అది ఊరు కాదు, ప్రయోగశాల. మొదలుపెట్టడానికి అది చాలు.

ఇంకో చిక్కుంది. కంపెనీని నమ్ముకుని కూర్చుంటే అది ఎప్పుడు మూసేస్తుందో తెలియదు. అట్టపెట్టె కళ్లద్దాలతో పిల్లల్ని ఊళ్లు తిప్పిన ‘గూగుల్ ఎక్స్‌పెడిషన్స్’ 2021లో ఆగిపోయింది.

2020 సెప్టెంబరు 1న మన ప్రభుత్వ బడిపిల్లలకు టీవీలో, టీశాట్‌లో పాఠాలు మొదలైన రోజులు గుర్తున్నాయా? తెర ఉన్నంత మాత్రాన చదువు వచ్చేయదని అప్పుడే తెలిసింది. పక్కన కూర్చుని “ఏమర్థమైంది?” అని అడిగే మనిషి కావాలి.

బడికెళ్లినప్పుడు అడగండి

పేరెంట్స్ మీటింగులో మార్కులతో పాటు ఈ నాలుగు మాటలూ అడిగి చూడండి. ల్యాబ్‌లో కంప్యూటర్లు వారానికి ఎన్ని గంటలు వాడుతున్నారు? ఆ ఆటలోకి బయటివాళ్లు రాగలరా, మన తరగతి పిల్లలేనా? ఆట అయ్యాక పిల్లలతో ఏం రాయిస్తున్నారు? మౌసు ఎవరి చేతిలో ఉంటోంది? ఈ చివరి ప్రశ్న మరచిపోకండి. మగపిల్లాడు ఆడుతుంటే ఆడపిల్ల పక్కన నిలబడి చూడటం ఇంట్లోనూ ఉన్నదే. వంతులు పెట్టమని గట్టిగా చెప్పండి.

అన్నిటికంటే మంచి మాస్టారు మీ ఇంట్లోనే ఉన్నాడు. డ్యూటీ దిగొచ్చి స్నానం చేసి కూర్చున్నాక, పిల్ల కాగితం, పెన్సిలు పట్టుకుని “నాయినా, మీ దగ్గర గాలి ఏ దారినొస్తది? గీసి చూపియ్యి” అని అడగనివ్వండి. మీరూ పక్కన కూర్చోండి. ఇన్నేళ్లుగా టిఫిన్ కట్టి పంపుతున్న చోటు ఎలా ఉంటుందో మీరూ చూడొద్దూ?