విత్తనపు గాదె



మాది నర్సీపట్నము. మా వీథిలో ఒక ఇల్లాలు పదునొకండేండ్లు సంతానము లేక యుండెను. పేరంటమునకు పిలుచువారు తగ్గిరి. సీమంతములలో ఆమె తనంతట తానే వెనుక వరుసలో కూర్చుండెడిది. ఆమె మ్రొక్కని వేల్పు లేడు, త్రాగని కషాయము లేదు. తుదకు విశాఖపట్టణమున ఒక వైద్యుడు భర్తను గూడ పరీక్షింపగా, అతని వీర్యమున వీర్యకణ మొక్కటియు కానరాలేదు. ఆమెయందు ఏ లోపమును లేదని తేలెను. పదునొకండేండ్లు మోసిన నిందను ఎవరు మరలించగలరు? ఆ ప్రశ్నయే నన్ను నేటి ప్రసంగ విషయమునకు చేర్చినది.

వృషణమున సన్నని గొట్టములు చుట్టలు చుట్టుకొనియుండును. విప్పి చాచినచో అవి వందల గజముల పొడవగును. ఆ గొట్టముల గోడ నంటుకొని వీర్యమూలకణములు నివసించును. యౌవనారంభము మొదలు ప్రతిదినము పుట్టు కోట్లకొలది వీర్యకణములకు ఇవియే మాతృకలు. మూలకణములు చీలినపుడు కొన్ని మూలకణములుగనే నిలుచును. తక్కినవి క్రమముగా మార్పుచెంది సుమారు 64 దినములకు తోకగల వీర్యకణములగును. రైతు తన పంటలో కొంత తిండికి, కొంత విత్తనమునకు వేరుచేయును గదా! విత్తనపు గాదె నిలిచియున్నంతకాలము పొలము పండును. ప్రకృతియు అట్లే చేసినది.

అయితే ఆ విత్తనపు గింజను తక్కినవానినుండి గుర్తించుటెట్లు? 1960 దశకమున కెనడా శాస్త్రజ్ఞుడు క్లెర్మాంటు మానవ వృషణమున ముదురు రంగు కణములను, లేత రంగు కణములను వేరుగా వర్ణించెను. కాని రంగును మాత్రము చూచి స్వభావమును నిశ్చయింప వలనుపడలేదు. కణజాలమునంతను కలిపి నూరి పరీక్షించినను ఫలము లేకపోయెను. ఏలయన మూలకణములు బహు స్వల్పము. మన్యమునుండి దిగివచ్చు జనముతో నిండిన సంతలో దూరముగా నిలిచి వినువానికి కోలాహలమే గాని, ఒక మూల చింతపండు అమ్ముకొను అవ్వ మాట వినబడునా? ఆమెయొద్దకు పోయి అడుగవలెను.

అట్లు ఒక్కొక్క కణమునొద్దకు పోయి అడుగు విద్యయే ఏకకణ జన్యు పరిశీలన. మన శరీరమున ఇంచుమించు ప్రతి కణమునందును ఒకే జన్యుసంపుటమున్నది. ప్రతి ఇంటను ఒకే పెద్ద బాలశిక్ష యున్నదనుకొనుడు. ఏ యింట ఏ పుట తెరచియున్నదో తెలిసినచో ఆ యింట ఏ వయసు పిల్లవాడు చదువుచున్నాడో ఊహింపవచ్చును. కణము తాను తెరచిన జన్యువునకు ఆర్‌ఎన్‌ఏ అను నకలు వ్రాసికొనును. శాస్త్రజ్ఞులు దానముగా లభించిన పిసరంత కణజాలమును కణములుగా విడదీసి, ఒక్కొక్క కణమును నూనెలో తేలు ఒక్కొక్క నీటి బిందువునందు బంధించి, దాని నకళ్లకు ప్రత్యేకమైన గుర్తు తగిలించి చదువుదురు. పిమ్మట కంప్యూటరు ఒకే తీరుగల కణములను ఒక చోట చేర్చును.

2018లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున గువో, కెయిర్న్సు మున్నగువారు ఇట్లు సుమారు 6,500 కణములను చదివి, తొలి దశ కణములలోనే ఐదు అవస్థలున్నవని చూపిరి. 2020లో శాన్‌డియాగోలో విల్కిన్సన్ బృందమువారు ఇట్టి సమాచారమును ఆధారముగా గొని, మానవ మూలకణములను పాత్రయందు కొన్ని వారములపాటు పెంచగలిగిరి.

దీనివలన ప్రయోజనమేమి? వీర్యకణములు లేని పురుషులందరి స్థితి ఒకటి కాదు. కొందరికి గాదెలో విత్తనమే లేదు. కొందరికి విత్తనమున్నది, మొలక నడుమ ఆగినది. కొందరికి పంట పండినను దారి మూసికొనిపోయినది. 2003లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు వీర్యకణములు లేని 340 మందిని పరీక్షింపగా, 29 మందికి వై క్రోమోజోమున కొంత భాగము లోపించినట్లు తేలెను. అది పుట్టుకతో వచ్చిన లోటు. భార్య పాపము కాదు, భర్త పాపమును కాదు.

ఇంకొక వర్గము బాలురు. కాన్సరు చికిత్సలో కొన్ని మందులు మూలకణములను గూడ నశింపజేయును. పెద్దవాడు ముందుగానే వీర్యమును భద్రపరచుకొనవచ్చును. పదేండ్ల బాలునియందు వీర్యకణములింకను పుట్టలేదు. మూలకణములు మాత్రమే యున్నవి. అతని కణజాలమును గడ్డకట్టించి దాచి, పెద్దయైన పిమ్మట తిరిగి నాటుట సాధ్యమా? 1994లో బ్రిన్‌స్టరు ఎలుకలలో మూలకణములను నాటి వీర్యకణములను పుట్టించెను. 2019లో పిట్స్‌బర్గు శాస్త్రజ్ఞులు, దాచిన కణజాలమును కోతికి తిరిగి నాటగా పుట్టిన వీర్యకణములతో కోతిపిల్ల జన్మించినదని ప్రకటించిరి. మానవులయందు ఇది ఇంకను పరిశోధనయే గాని, మనము కొనదగిన వైద్యము కాదు. “మూలకణములతో సంతానము” అని ధనము గుంజు ప్రకటనలను నమ్మకుడు.

నా మనవి యొక్కటే. “గొడ్రాలు” అను మాట మన నోట సులభముగా వచ్చును. ఆ మాట అనుటకు ముందు, ఆ యింటి పురుషుని ఒకసారి వైద్యునొద్దకు పంపుడు. ఆ పరీక్షకు పట్టునది ఒక పూట. దానిని మానుకొన్నందులకు మా వీథి ఇల్లాలు చెల్లించినది పదునొకండేండ్లు.