మీకు తెలుసా? ఆన్‌లోనూ లేదు, ఆఫ్‌లోనూ లేదు

11 కేవీ ఫీడరు వెంట వెళ్తే, చాలా ఊళ్లలో ఎక్కడో ఒకచోట పక్క ఫీడరు కూడా దాని దగ్గరకొస్తుంది. రెంటినీ కలపడానికి అక్కడో స్విచ్ ఉంటుంది. మామూలు రోజుల్లో దాన్ని ఆఫ్‌లోనే ఉంచుతారు. ఒకవైపు లైను చెడిపోతేనే లైన్‌మన్ వచ్చి వేస్తాడు.

ఒక ఫీడరు లోడు మోయలేక కాగిపోతున్నా, పక్కది సగం ఖాళీగా ఉన్నా సరే, ఆ స్విచ్ వేయరు. వేస్తే, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు రెండు వైపుల నుంచీ కరెంటు అక్కడికే ఉరుకుతుంది. ఒకవైపు నుంచే వస్తుందన్న లెక్కతో అమర్చిన రక్షణ రిలేలు తికమకపడతాయి. ఇంకో చిక్కూ ఉంది. ఫీడర్లు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి వస్తుంటే వాటి వోల్టేజీ అలలు సరిగ్గా కలవవు. భజనలో ఇద్దరిదీ ఒకే తాళమైనా ఒకరు వెంట్రుకవాసి ముందున్నట్టన్నమాట. ఆ తేడాతోనే కలిపేస్తే, ఎవరికీ అక్కరలేని కరెంటు రెండు లైన్లలోనూ తిరుగుతుంది.

అందుకని స్విచ్ స్థానంలో ‘సాఫ్ట్ ఓపెన్ పాయింట్’ పెడుతున్నారు. ఇందులో రెండు కన్వర్టర్లుంటాయి. ఒకటి ఏసీని డీసీ చేస్తే, రెండోది ఆ డీసీని అవతలి ఫీడరు అలకు అచ్చంగా సరిపోయే ఏసీగా మార్చి ఇస్తుంది. మధ్యలో డీసీ ఉంది కనుక అలల తేడాతో పేచీ లేదు. ఐజీబీటీలనే ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఎంత పవరు ఎటు వెళ్లాలో తేలుస్తాయి. అవతల షార్ట్ అయినా హద్దు దాటి కరెంటును వదలవు. పైగా ఏ కొసన వోల్టేజీని ఆ కొసన విడిగా సర్దగలవు. మిద్దెల మీది సోలార్ ప్యానెళ్లు మధ్యాహ్నంపూట వోల్టేజీని పైకి తోసే ఈ రోజుల్లో, నన్నడిగితే, అసలు లాభం ఇదే.

యూకే పవర్ నెట్‌వర్క్స్ సంస్థ 2014-16 మధ్య లండన్, బ్రైటన్ నగరాల్లో, ఇళ్లకు వెళ్లే లో వోల్టేజీ లైన్ల మీద వీటిని పరీక్షించింది. తర్వాత డెవన్, సోమర్‌సెట్ సరిహద్దులోని ఎక్స్‌బ్రిడ్జ్‌లో వెస్టర్న్ పవర్ డిస్ట్రిబ్యూషన్ ఏకంగా 33 కేవీ లైన్ల మధ్య 20 ఎంవీఏ యంత్రాన్నే నిలబెట్టింది.

దీని పెద్దన్న మన విశాఖలోనే ఉంది. తూర్పు, దక్షిణ గ్రిడ్లు ఇంకా విడివిడిగా నడుస్తున్న కాలంలో, గాజువాక బ్యాక్ టు బ్యాక్ స్టేషన్ 500 మెగావాట్ల యూనిట్లు రెండింటితో ఇలాగే ఏసీని డీసీ చేసి, మళ్లీ ఏసీ చేసి కరెంటు దాటించేది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ నేరుగా దేశ గ్రిడ్‌లో కలిసింది. అయితే గాజువాకలో వాడినవి థైరిస్టర్లనే వేరే రకం స్విచ్‌లు; వాటికి రెండువైపులా బలమైన గ్రిడ్ ఉండాల్సిందే. ఐజీబీటీల యంత్రమైతే, ఒకవైపు లైను పూర్తిగా చచ్చినా, రెండోవైపు నుంచి తీసుకుని అక్కడ కరెంటు నిలబెడుతుంది.

మరి సాఫ్ట్ ఓపెన్ పాయింట్లు ఊరూరా ఎందుకు లేవంటే, ధర. మామూలు స్విచ్‌కి అయ్యే ఖర్చెక్కడ, దీని ఖర్చెక్కడ! చల్లబరిచే ఏర్పాటు కావాలి, మార్పిడిలో కొంత కరెంటు వేడిగా పోతుంది. అందుకే కొత్త కేబులు వేయడానికి రోడ్డు తవ్వే వీలులేని ఇరుకు నగరాల్లోనే ముందు దీని లెక్క కుదురుతుంది.