మీకు తెలుసా? భూమి నడిమధ్య ఇనుప గోళం!

మన కాళ్ల కింద నిట్టనిలువునా 6,371 కిలోమీటర్లు దిగితే భూమి నడిమధ్య తగులుతుంది. మనిషి తవ్వగలిగింది మాత్రం రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 12 కిలోమీటర్ల పైచిలుకు. మరి లోపల ఏముందో ఎలా తెలిసింది? భూకంపాలు చెప్పాయి!

భూకంప తరంగాలు భూమి లోపలి నుంచి ప్రయాణించి అవతలి వైపు తేలతాయి. 1929లో న్యూజిలాండ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. భూగర్భంలో నడుమనున్నదంతా కరిగిన లోహమేనని అనుకుంటున్న రోజులవి. అదే నిజమైతే కొన్నిచోట్ల ఆ తరంగాలు కనిపించకూడదు. కానీ కనిపించాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమాన్ భూకంప నమోదుల్లో కనిపించిన ఆ చిన్న గీతలను కొట్టిపారెయ్యలేదు. కంప్యూటర్లు లేని కాలం; వివరాలన్నీ అట్టముక్కల మీద రాసుకుని ఓట్స్ డబ్బాల్లో సర్దుకునేవారు ఆవిడ. చివరికి 1936లో తేల్చారు: ద్రవం మధ్యలో మరో గోళం ఉంది, తరంగాలు దాన్ని తాకి దారి మళ్లుతున్నాయి!

ఇనుము, కొంత నికెల్ కలిసిన ఘన గోళమది. వ్యాసార్థం సుమారు 1,220 కిలోమీటర్లు. వేడి 5,000 డిగ్రీల సెల్సియస్ పైమాటే. అయినా కరగదు, ఎందుకంటే అక్కడి ఒత్తిడి నేల మీది గాలి ఒత్తిడికి దాదాపు 36 లక్షల రెట్లు. దాని చుట్టూ సుళ్లు తిరిగే ద్రవ ఇనుమే భూమికి అయస్కాంత శక్తినిస్తోంది, దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పుతోంది.

లేమాన్ 104 ఏళ్లు బతికారు. ఇంత పెద్ద సంగతి చెప్పిన పరిశోధన పత్రానికి ఆవిడ పెట్టిన పేరు ఒకే ఒక్క అక్షరం: ‘పి’, పక్కన చిన్న గీత.