కోతకాలము వరకు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసెను. పులిగడ్డకడ కృష్ణానది రెండు పాయలుగా చీలి, సముద్రముతో కలసి చుట్టుకొనిన నేల యది. కోతకు రానున్న వరిచేలపై కడలి విరుచుకొని పడెను. పసిబిడ్డలు, వృద్ధులు, చేపలు పట్టువారు, కూలిజనము ఒక్క తీరున కొట్టుకొనిపోయిరి. మృతులు దాదాపు 10,000 మంది యని యొక అంచనా. అంతకు పూర్వము 1864లో మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనకు సుమారు 30,000 మంది బలియైరి.

ఇట్టి విపత్తు వచ్చినపుడెల్ల “పాపము పండినది” అను మాట లోకమున వినవచ్చుచుండును. మాట చిన్నదే, కాని అది బ్రదికినవానిని పుణ్యాత్మునిగను, మృతుని దోషిగను నిర్ణయించుచున్నది. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి అది రెండవ ఉప్పెన. దైవన్యాయమును దృఢముగ నమ్మిన క్రైస్తవము ఈ మాటకేమి సమాధానము చెప్పును?

బైబిలునందలి యోబు నీతిమంతుడు. అతడు సంపదను, సంతానమును, ఆరోగ్యమును కోల్పోయెను. మిత్రులు వచ్చి, అతడు దాచిన పాపమేదో యుండునని వాదించిరి. గ్రంథాంతమున దేవుని కోపమునకు గురియైనవారు ఆ మిత్రులే. లూకా సువార్త 13వ అధ్యాయమున సిలోయము గోపురము కూలి 18 మంది మరణించిన ప్రస్తావన కలదు. వారు యెరూషలేములోని తక్కినవారికంటె పాపులా యని యేసు తానే ప్రశ్నించి, కాదని చెప్పెను. పిదప, వినుచున్నవారినే తమ నడవడి దిద్దుకొనుడని హెచ్చరించెను.

అట్లయిన దుష్టులకు శిక్ష లేదా? కలదు; కాని దానికి కాలము వేరు, కర్త వేరు. మత్తయి సువార్త 13వ అధ్యాయమున ఒక ఉపమానము కలదు. గోధుమచేనిలో శత్రువు గురుగులు చల్లిపోయెను. పనివారు వానిని పెరికివేయుదుమనగా, వానితో గోధుమయు ఊడివచ్చునని యజమానుడు వారించి, కోతకాలము వరకు రెంటిని పెరుగనిమ్మనెను. కృష్ణాడెల్టా రైతునకు ఇందలి చిక్కు తెలిసినదే. లేతదశలో ఊదమొక్క వరిమొక్కవలెనే యుండును. వెన్ను వెలువడినగాని కొత్తవానికి భేదము తెలియదు. అయినను రైతు ఆక్షేపింపవచ్చును: కలుపు తీయనిదే పంట ఎట్లు పండును? ఆక్షేపణ సమంజసమే. కాని చేనిలో కలుపు ఎన్నడును వరి కాజాలదు. మనుష్యుడు మాత్రము మారగలడు. దేవుని ఆలస్యము పశ్చాత్తాపమునకు ఇచ్చిన గడువని క్రైస్తవుల విశ్వాసము. నేరమును విచారించు న్యాయస్థానములు వలదని దీని యర్థము కాదు. ఆత్మకు తుదితీర్పు చెప్పు అధికారము మనుష్యునకు లేదనియే.

కోత పిమ్మట దుష్టుల గతి యేమి? గెహెన్నా యను పదమునకు తెలుగు బైబిలున “నరకము” అను మాట వాడిరి. మన పురాణములలో నరకము కర్మఫలము తీరువరకే. పిదప జన్మాంతరము కలదు. క్రైస్తవసంప్రదాయమున అధికసంఖ్యాకులు ఆ శిక్ష నిత్యమందురు. 5వ శతాబ్దమున అగస్టీను దీనిని గట్టిగ సమర్థించెను. 3వ శతాబ్దమునాటి ఆరిజెను సర్వులును తుదకు దైవమును చేరుదురని ఆశించెను. దుష్టులు అగ్నిలో నిశ్శేషముగ నశింతురని అడ్వెంటిస్టులు బోధింతురు.

ఈ మతభేదము లెట్లున్నను, తీర్పునాటి ప్రశ్న యేదో మత్తయి సువార్త 25వ అధ్యాయము తేటపరచుచున్నది. ఆకలిగొనినవానికి అన్నము పెట్టితివా? వస్త్రహీనునికి బట్ట యిచ్చితివా? పరదేశిని చేర్చుకొంటివా? విపత్తులో చిక్కినవాని పాపపుణ్యముల విచారణ ఆ పట్టికలో లేదు. ఉప్పెన వెలిసిన పిమ్మట మండలి వెంకటకృష్ణారావు ప్రభృతులు దివిసీమ పునర్నిర్మాణమునకు పూనుకొనిరి. పలు మతముల సేవాసంస్థలు ఇండ్లు కట్టించెను. ఆ ఇండ్ల గడపలలో, మృతుడు పాపియా పుణ్యాత్ముడా యని ఎవ్వరును అడుగవలసిన పని లేకపోయెను.