గుమ్మంలో గూళ్ల బల్ల: ఇంటిల్లిపాదికీ తలా ఒక అర

పూర్వపు ఇళ్లలో గుమ్మానికి ఇరువైపులా అరుగులు ఉండేవి. తమిళ సీమలో తిన్నె అన్నా, కన్నడ సీమలో జగలి అన్నా ప్రయోజనం ఒక్కటే. పొలం నుండి వచ్చినవారు అక్కడ కూర్చుని చెప్పులు విప్పేవారు, కాళ్లు కడిగి లోపలికి అడుగు పెట్టేవారు. లోపలి మందపు మట్టి గోడలలో గూళ్లు ఉండేవి. దీపం ఒక గూటిలో, తాళపు చెవులు ఒక గూటిలో, పిల్లల పలకలు మరొక గూటిలో ఒదిగిపోయేవి.

నేడు సిమెంటు ఇళ్లు వచ్చినవి. అరుగు పోయి రెండు మెట్లు మిగిలినవి. సన్నని గోడలలో గూటికి చోటు లేదు. కానీ గుమ్మం దాటే వస్తువులు మాత్రం పెరిగినవి. బడి సంచులు, బూట్లు, గొడుగులు, శిరస్త్రాణాలు, మందుల సంచీ, బండి తాళాలు అన్నీ వసారాలో కుప్ప పడుతున్నవి. మన సరిహద్దు గ్రామాలలో ఒకే ఇంటి నుండి ఒక బిడ్డ తెలుగు బడికి, మరొక బిడ్డ కన్నడ లేదా ఒడియా బడికి వెళ్లడం సామాన్యం. వేళలు వేరు, దుస్తులు వేరు. ఉదయం పూట వెదుకులాటకు అంతు ఉండదు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. నేల మీద మూలకు తోసిన చెప్పుల కుప్ప వానకాలంలో తేళ్లకూ, ఒక్కొక్కప్పుడు కట్లపాముకూ ఆశ్రయమవుతుంది.

ఈ చిక్కులకు తీరైన పరిష్కారం గూళ్ల బల్ల. కూర్చోవడానికి బల్ల, బల్ల క్రింద చెప్పుల గూళ్లు, ప్రక్కన తలుపులున్న అరలు, పైన తేలిక వస్తువుల గూళ్లు. పాత అరుగునూ, పాత గోడగూటినీ కలిపి కలపతో కట్టుకోవడమే ఇది. గ్రామంలోని వడ్రంగి మేస్త్రి దీనిని సులువుగా చేయగలడు. పని తెలిసిన ఇంటివారూ చేసుకోవచ్చును.

కొలతలు

అయిదు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు గల నమూనాను ఇక్కడ వివరిస్తున్నాము. గోడ వెడల్పును బట్టి దీనిని మార్చుకోవచ్చును.

ముప్పావు అంగుళం, అనగా 19 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్‌తో మూడు నిలువు పలకలు కోయాలి. ఒక్కొక్కటి 68 అంగుళాల ఎత్తు, 15¾ అంగుళాల లోతు. లోతు 16 అంగుళాలు ఎందుకు కాదని అడుగవచ్చును. ప్లైవుడ్ పలక వెడల్పు 48 అంగుళాలు. మూడు పదహార్లు కాగితం మీద సరిపోతాయి గానీ, రంపం తిన్న పొట్టు లెక్కలోకి రాదు. పావు అంగుళం చొప్పున తగ్గించుకుంటే ఒక్క పలకలో మూడూ వస్తాయి.

మొదటి రెండు నిలువుల నడుమ 15 అంగుళాల ఖాళీ. ఇది తలుపుల అరల భాగం. నాలుగు అడ్డపలకలు వేస్తే ఒకదానిపై ఒకటిగా మూడు అరలు వస్తాయి. ఒక్కొక్క అర ఎత్తు సుమారు 21½ అంగుళాలు. నిండిన బడి సంచీ నిలువుగా పడుతుంది. రెండవ, మూడవ నిలువుల నడుమ 42¾ అంగుళాలు. ఇది కూర్చునే భాగం. మూడు నిలువుల మందం కలిపితే మొత్తం సరిగ్గా 60 అంగుళాలు.

కూర్చునే బల్ల నేల నుండి 17 అంగుళాల ఎత్తులో ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు పైకి లేవరాదు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఉంటే ముందుగా ఆమెను ఒక పీటపై కూర్చుండబెట్టి, సులువుగా లేవగలిగే ఎత్తు చూసి ఒక అంగుళం హెచ్చించుకోవడం ఉచితం. లేచేటప్పుడు పట్టుకోవడానికి చివరి నిలువు పలకకు ఒక చెక్క పిడి బిగించాలి.

బల్ల క్రింద ఒక అడుగుపలక, ఒక నడిమి పలక, నాలుగు చిన్న అడ్డుగోడలు పెడితే ఆరు గూళ్లు వస్తాయి. ఒక్కొక్కటి 13¾ అంగుళాల వెడల్పు, 5⅜ అంగుళాల ఎత్తు. పెద్దవారి జోడూ, దాని ప్రక్కన చిన్నపిల్లల జోడూ పడతాయి.

పైభాగంలో 12 అంగుళాల ఎత్తు గల మూడు గూళ్లు. ఇవి 11 అంగుళాల లోతు మాత్రమే ఉండాలి. పూర్తి లోతు పెడితే బల్ల నుండి లేచేవారి నుదురు తగులుతుంది. అందుకు తగినట్లు మూడవ నిలువును కూడా బల్లకు పైన 11 అంగుళాలకు తగ్గించి కోయాలి. బల్లకూ పైగూళ్లకూ మధ్య వెనుక చెక్క అవసరం లేదు. గోడకు ఒక పట్టె కొట్టి కొక్కేలు బిగిస్తే గొడుగులు, కండువాలు, సంచులు తగిలించుకోవచ్చును.

ఈ కొలతలకు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు, వెనుక భాగాలకు 6 మిల్లీమీటర్ల పలక ఒకటి సరిపోతాయి. కూర్చునే బల్లకూ, తలుపులకూ, కాళ్లకూ గట్టి కలప వాడాలి.

కొందరు బల్లను పైమూత గల పెట్టెగా చేయిస్తారు. పసిపిల్లలున్న ఇంట అది శ్రేయస్కరం కాదు. బరువైన మూత వేళ్లపై పడుతుంది. ఆటలో లోపల దాగిన బిడ్డకు ఊపిరాడని ప్రమాదమూ ఉన్నది. ముందు వైపు తెరచి ఉన్న గూళ్లే మేలు.

ఏ కలప?

కలప విషయంలో మన ప్రాంతాలు ఒక్కటి కావు. గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, ఆలాపల్లి వైపు టేకు ప్రసిద్ధం. గంజాం, కొరాపుట్ వైపు గుగ్గిలం చెట్టు, అనగా సాల కలప లభిస్తుంది. ఇది మిక్కిలి బరువు, గట్టితనం గలది. ముందుగా బెజ్జం వేయనిదే మేకు దిగదు. కాళ్లకు చక్కగా పనికివస్తుంది. బళ్లారి, రాయచూరు మెట్ట ప్రాంతాలలో వేప సులభంగా దొరుకుతుంది. దాని చేదు వలన పురుగు తక్కువ పడుతుంది. మామిడి చెక్క చవకే గానీ పురుగు త్వరగా పడుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో శుద్ధి చేసినదైతేనే తీసుకోవాలి.

అంగడిలో పేర్లు మారుతాయి. టేకును కన్నడంలో తేగ, సాగువాని అనీ, తమిళంలో తేక్కు అనీ, మరాఠీలో సాగ్వాన్ అనీ అంటారు. వేపను కన్నడిగులు బేవు, తమిళులు వేంబు, ఒడియావారు నిమొ అంటారు. పనస చెక్క కన్నడంలో హలసు, తమిళంలో పలా, మరాఠీలో ఫణస. ఈ మాటలు తెలిసి ఉంటే ఒక కలప అడిగి మరొకటి తెచ్చుకునే పొరపాటు జరగదు.

ఏ కలపైనా చేవ గల భాగమే కొనాలి. చెట్టు నడుమ ఉండే ముదురు రంగు చెక్క చేవ. వెలుపలి తెల్లచెక్కను చెదలు మొదట తింటాయి. టేకు అయినంత మాత్రాన దాని తెల్లచెక్కకు రక్షణ లేదు.

పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు ఈ పనికి ఎంతో అనువైనవి. దశాబ్దాలు ఎండిన కలప అంత సులభంగా వంగదు. లోపల విరిగి ఉండిపోయిన మేకులను మాత్రం అయస్కాంతంతో వెదికి తీసివేయాలి. రంపపు పళ్లు విరగడమే గాక కంటికి ప్రమాదం. క్రొత్తగా కోసిన పచ్చి చెక్కను పుల్లల ఎడంతో నీడలో పేర్చి ఆరబెట్టాలి. ఒక ముక్కను వారానికొకసారి తూచి చూడాలి. బరువు తగ్గడం ఆగిన తరువాతనే చెక్క ఆరినట్లు.

ప్లైవుడ్ కొనేటప్పుడు పలకపై ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. ఐ.ఎస్. 710 అన్నది నీటిని తట్టుకునే మెరైన్ రకం. జల్లు కొట్టే వసారాకు అదే తగినది. ఐ.ఎస్. 303 అన్నది సాధారణ వాడకపు రకం. అందులోని తేమను మాత్రమే తట్టుకునే తరగతి ఇంటి లోపలి నడవకు చాలును.

సరిహద్దు దాటే కలప

పెరట్లో కొట్టిన టేకు దుంగను ప్రక్క ఊరి కోతమిల్లుకు తీసుకుపోవడం మనకు చిన్న పనిగానే తోస్తుంది. కానీ ఆ ప్రక్క ఊరు మరొక రాష్ట్రమైతే సంగతి వేరు. కలప రవాణాను నియంత్రించే అధికారాన్ని 1927 నాటి భారత అటవీ చట్టంలోని 41వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చినది. కర్ణాటకకు 1963 నాటి, ఆంధ్రప్రదేశ్‌కు 1967 నాటి సొంత అటవీ చట్టాలున్నవి. ఒక రాష్ట్రంలో అనుమతి అక్కరలేని చెట్టుకు మరొక రాష్ట్రంలో అనుమతి కావలసి రావచ్చును. పట్టా భూమిలోని చెట్టు అన్న మాట ఒక్కటే చాలదు.

2023 డిసెంబరు 29న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జాతీయ రవాణా అనుమతి వ్యవస్థను దేశమంతటా ప్రారంభించినది. దీని ద్వారా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చును. మినహాయింపు గల చెట్లకు నిరభ్యంతర పత్రాన్ని స్వయంగా పొందే వీలున్నది. దుంగ బండి ఎక్కకముందే స్థానిక అటవీ కార్యాలయంలో విచారించడం, అంగడిలో కొన్నదైతే బిల్లు వెంట ఉంచుకోవడం తప్పనిసరి. దారిలో బండి పట్టుబడితే కలప విలువకు మించిన నష్టం కలుగుతుంది.

కూర్పు

ముందుగా మూడు నిలువు పలకలను ప్రక్కప్రక్కన పరచి, అడ్డపలకలు వచ్చే చోట్లను ఒకేసారి మూలమట్టంతో గీయాలి. విడివిడిగా కొలిస్తే తేడా వస్తుంది. స్క్రూలకు ముందు సన్నని బెజ్జం వేసి, కీలు మీద జిగురు రాసి బిగించాలి. పావు అంగుళం గాడి తీసి పలకలను అందులో కూర్చితే మరింత బలం. అట్లా చేయదలచినవారు ప్రతి అడ్డపలక పొడవుకు అర అంగుళం కలుపుకోవాలి.

చట్రం నిలిచిన తరువాత ఒక మూల నుండి ఎదుటి మూలకు రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం మట్టంగా ఉన్నట్లు. జిగురు ఆరకముందే దీనిని సరిచేసుకోవాలి. లేనిచో తలుపులు ఎన్నటికీ సరిగా మూసుకోవు.

కూర్చునే బల్లను ఒకే వెడల్పాటి చెక్కతో గాక మూడు పట్టెలతో వేయాలి. పట్టెల నడుమ రూపాయి నాణెం మందమంత సందు విడవాలి. కలప పొడవులో దాదాపు మారదు గానీ వెడల్పులో వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. సందు లేకపోతే పట్టె చీలుతుంది.

కాళ్లు, గాలి, గోడ

ఈ నిర్మాణానికి ఆయువు నిచ్చేది దాని అడుగు భాగం. పెట్టె వేరు, కాళ్ల పీట వేరుగా చేయాలి. నాలుగు అంగుళాల ఎత్తు గల గట్టి కలప పీట చేసి, కుసి, బెజ్జం పద్ధతిలో కూర్చి, దానిపై పెట్టెను కూర్చుండబెట్టాలి. చెమ్మకు కాళ్లు పాడైనా పీట ఒక్కటే మార్చుకోవచ్చును. అయిదు అడుగుల వెడల్పుకు ఆరు కాళ్లు ఉండాలి. ప్రతి కాలి క్రింద ఒక కడప రాయి గాని, షాబాద్ బండ గాని ముక్క పెట్టాలి. నేల కడిగిన నీరు కలపకు ఎక్కదు. చెదలు రాతి మీదుగా ఎక్కగలవు గానీ, వాటి మట్టి దారి రాతిపై స్పష్టంగా కనబడుతుంది. కనబడిన శత్రువును తుడిచివేయడం తేలిక.

పీట నాలుగు వైపులా తెరచి ఉండాలి. అందం కోసం ముందు పట్టీ కొట్టి మూసివేస్తే చీపురు వెళ్లదు, వెలుతురు సోకదు. మళ్లీ తేళ్లకు చోటు ఇచ్చినట్లే. గూళ్ల వెనుక చెక్కకు అంగుళం బెజ్జాలు, తలుపులకు పైనా క్రిందా చీలికలు పెట్టాలి. బల్లకూ గోడకూ నడుమ ఒక అంగుళం ఎడం ఉండాలి. తడి బూట్లు గాలి లేని అరలో పెడితే వాసనే గాక చెక్కకు బూజు పడుతుంది.

ఆరడుగుల ఎత్తు, పదహారు అంగుళాల లోతు గల వస్తువు ముందుకు ఒరిగే స్వభావం కలది. పిల్లలు అరల తలుపులు తెరచి, వాటిని నిచ్చెనగా ఎక్కడానికి ప్రయత్నిస్తారు. కనుక పైభాగాన రెండు చోట్ల ఇనుప మూలబద్దలతో గోడకు తప్పక బిగించాలి. ఎడం చోట చెక్క ముక్క పెట్టి బిగిస్తే కదలదు. మట్టి గోడలో మర నిలవదు. అట్టి ఇళ్లలో గోడలోని కలప స్తంభానికి గాని, దూలానికి గాని కట్టాలి. ఈ ఒక్క పని చేయనంతవరకు బల్లను వాడుకలోకి తేరాదు.

పూత, వాడుక

ప్లైవుడ్ నీరు త్రాగేది అంచుల నుండి. అంచులన్నింటికీ సన్నని కలప పట్టీ అతికించాలి. ఉప్పు కాగితంతో నునుపు చేసి, వార్నిష్ గాని రంగు గాని రెండు మూడు పూతలు వేయాలి. వెనుక వైపు, అడుగు వైపు ఎవరికీ కనబడవని వదలరాదు. చెమ్మ ఎక్కేది అటునుండే. యానాం వంటి తీర ప్రాంతాలలో ఉప్పు గాలికి ఇనుప మరలు త్రుప్పు పడతాయి. ఇత్తడివి గాని, స్టెయిన్‌లెస్ స్టీలువి గాని వాడాలి.

అరలు పంచేటప్పుడు క్రిందిది చిన్నబిడ్డకు, పైది పెద్దవారికి ఇవ్వాలి. పురుగుమందుల సీసాలకు ఈ అరలలో చోటు లేదు. భూమి పత్రాలు, పాసుపుస్తకాలు కూడా ఇక్కడ ఉంచరాదు. గుమ్మం దగ్గరి తాళం దొంగకూ దగ్గరే, చెమ్మకూ దగ్గరే. వారానికొకసారి గూళ్లను ఖాళీ చేసి తుడవాలి. గూటిలో ఉన్నా సరే, తొడిగేముందు బూటును తలక్రిందులుగా దులపడం పిల్లలకు అలవాటు చేయాలి. ఒకవేళ కుట్టినా, కరిచినా నాటుమందుల కోసం కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఇంట ఎందరుంటే అన్ని గూళ్లు అన్నది ఈ బల్ల సూత్రం. తన వస్తువుకు తనదైన చోటు ఉన్నదని తెలిసిన బిడ్డ దానిని అక్కడే పెడుతుంది. మేస్త్రితో మాట్లాడేముందు ఇంటివారంతా కూర్చుని, ఎవరికి ఏది కావాలో ఒక కాగితంపై వ్రాసుకుంటే పని సగం పూర్తయినట్లే.