పైరునకు కన్ను గలదా?

పైరునకు కన్ను గలదా యని యడిగినచో రైతులు నవ్వుదురు. కాని తొలకరిలో విత్తిన కంది నిలువెత్తు పెరిగి, పగలు కుఱుచయైన పిమ్మట గాని పూతకు రాదు. అదే విత్తనమును ఆశ్వయుజమున విత్తినచో నడుమెత్తైనను కాకమునుపే పూచును. రాత్రి పొడవైనదని ఆ మొక్కకు చెప్పిన వారెవరు?

ఈ విషయమును మేము నష్టముచే నేర్చుకొంటిమి. కొన్నియేండ్ల క్రిందట వానలు వెనుకబడగా, సంఘసభ్యుడొకరు ఆశ్వయుజమున కంది విత్తుచు, సాలునకు సాలునకు నెంత యెడముంచవలయునని మమ్మడిగిరి. మేము తొలకరి లెక్కనే రెండు మూరలని చెప్పితిమి. మొక్కలు పొట్టిగానే పూచినవి. సాళ్లనడుమ నేల బయలై యుండెను. పంట సగమైనను రాలేదు. వారి యప్పు మఱుసటి యేటికి వాయిదా పడెను. విత్తనమున దోషము లేదు, దోషము మాది.

1920వ సంవత్సరమున అమెరికాలో గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు పగటి పొడవును బట్టి మొక్కలు పూచునని ప్రకటించిరి. వేసవిలో పూవక పెరుగుచుండిన పొగాకు మొక్కలను ప్రతిదినము కొంతసేపు చీకటికొట్టమున నుంచగా నవి పూచినవి. 1952లో మేరీలాండు రాష్ట్రమునందలి బెల్ట్స్‌విల్లులో లెట్యూసు అను ఆకుకూర గింజలపై ఎఱ్ఱవెలుగు ప్రసరింపగా మొలచినవి. దాని వెంటనే, కంటికి లీలగా గానవచ్చు దూరపు ఎఱ్ఱవెలుగు ప్రసరింపగా మొలవవయ్యెను. ఎన్నిమారులు మార్చి మార్చి చూపినను కడపటి వెలుగు మాటయే చెల్లెను.

ఇందులకు కారణము ఫైటోక్రోము అను మాంసకృత్తు. దానిని 1959లో కనుగొనిరి. ఈ మాంసకృత్తునకు నాలుగు వలయములు గొలుసువలె కూడిన రంగుపదార్థ మొకటి అంటియుండును. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన నందొక భాగము నానోమీటరు. సుమారు 660 నానోమీటర్ల తరంగము గల ఎఱ్ఱవెలుగు ఆ గొలుసును తాకినంతనే, కడపటి వలయమును పట్టియుంచిన జంటబంధము సడలి, ఆ వలయము అవతలివైపునకు తిరుగును. తాళపుచెవి తిరిగిన తాళము తెఱచుకొన్నట్లు, చుట్టునున్న మాంసకృత్తు రూపము మారి పనికి పూనుకొనును. అది జీవకణములోని కేంద్రకములో ప్రవేశించి, కాండమును సాగదీయుచు గింజను మొలవనీయని కొన్ని మాంసకృత్తులను పట్టి నశింపజేయును. సుమారు 730 నానోమీటర్ల దూరపు ఎఱ్ఱవెలుగు సోకినచో వలయము మరల వెనుకకు తిరుగును. చీకటిలోను మెల్లమెల్లగా తిరుగును. మొక్కలో నొక గడియారము కూడ గలదు. వెలుగు ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు పోయినది ఫైటోక్రోము తెలుపగా, రాత్రి పొడవు నా గడియారము కొలుచును.

ఇక పొలము మాట. ఆకులు ఎఱ్ఱవెలుగును మ్రింగి దూరపు ఎఱ్ఱవెలుగును విడిచిపెట్టును. కావున ఒత్తుగా నాటిన పైరు ప్రక్కమొక్క నీడను ముందే పసిగట్టి, సన్నగా సాగి, గాలికి పడిపోవును. ఎక్కువ మొక్కలున్న నెక్కువ పంట యనుట భ్రమ. దుక్కి దున్నినప్పుడు అడుగునున్న కలుపుగింజలు పైకివచ్చి క్షణకాలము వెలుగు చూచినను, పెక్కింటికి మొలచుట కదియే చాలును. కావున తొలి దుక్కికి మొలచిన కలుపును మరల దున్ని చంపి, తరువాత విత్తుట మేలు. రాత్రియంతయు దీపపు వెలుగు పడుచోట కందివంటి పైరు ఆలస్యముగా పూచును.

ఆలస్యముగా కంది విత్తువారు సాలునకు సాలునకు సుమారు మూరెడు, మొక్కకు మొక్కకు బెత్తెడు ఎడముంచి, విత్తనము నందుకు తగినట్లు హెచ్చుగా సంపాదించుకొనవలయును. మాకు సలహా నడిగిన యా సభ్యుడు మఱుసటి యేడు అట్లే చేసి, సంఘమునకు బాకీ తీర్చిరి. విత్తుటకు ముందు నేలనే గాక ఆకాశమును, రాత్రి పొడవును గూడ చూడుడు. పైరు చూచుచునే యున్నది.